ట్రాక్టర్ పిలిచే ముందు ఒక్క మాట

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో విజయనగరంలో ఒంటరిగా ఉంటున్న ఒక ముసలమ్మ ఇంటి ఫొటో వేశారు. గుమ్మం దాకా పేరుకున్న సంచులు, అట్టపెట్టెలు, విరిగిన బకెట్లు, వాటి మధ్య చీరచెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఆవిడ. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారని, మున్సిపాలిటీ వాళ్ళు మూడు ట్రాక్టర్ల సామాను ఎత్తించారని, వీధి జనం ఊపిరి పీల్చుకున్నారని రాశారు. పైన 'చెత్తతోనే కాపురం' అని శీర్షిక.

నేను శ్రీకాకుళంలో ఉంటున్న రిటైర్డ్ తెలుగు మాస్టారిని. ముప్ఫై ఏళ్ళుగా మీ పేపరు తెప్పించుకుంటున్నాను గానీ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఆ ఫొటో చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ట్రాక్టర్లు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. 2019 వేసవిలో మా సొంత అప్ప (అక్క) ఇంటికి రెండు ట్రాక్టర్లు పిలిపించినవాణ్ణి నేనే. ఉత్తరం పెద్దదవుతుంది, మన్నించండి. నాలుగు ముక్కల్లో చెప్పగలిగితే అప్పకి అప్పుడే చెప్పి ఉండేవాణ్ణి.

అప్ప నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పొలం పనికి పోతే నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన మనిషి. పలాస పక్కనే కాశీబుగ్గలో వాళ్ళ అత్తవారిల్లు. నాలుగు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక పెరట్లో బావి, రెండు కొబ్బరి చెట్లు. బావ ఆర్టీసీలో కండక్టరు, 2012లో పోయాడు. ఒక్కడే కొడుకు, హైదరాబాద్‌లో ఉద్యోగం. బావ ఉన్నన్నాళ్ళూ అప్ప దాచేది, బావ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ ఒక సంచి చంకన పెట్టుకుపోయి ఎక్కడో పారేసేవాడు. ఆ సంగతి అప్పకి తెలుసు, తెలియనట్టే ఉండేది. ఆయన పోయాక ఆ సంచి పట్టుకెళ్ళే మనిషి లేకుండా పోయాడు.

2019 నాటికి వీధిగదిలో కిటికీ ఎత్తుకి పాత పేపర్లు. నడవడానికి మూరెడు వెడల్పు దారి, ఒక మనిషి ఒద్దికగా పక్కకి తిరిగి వెళ్ళాలి. మంచం మీద సగం దాకా బట్టల మూటలు, మిగిలిన సగంలో ముడుచుకుని పడుకునేది. స్నానాల గదిలో జీడిపప్పు ప్యాక్ చేసే ఖాళీ రేకు డబ్బాలు నిండిపోతే స్నానం బావి దగ్గరే. వంటగదిలో గట్టు కనబడక గ్యాస్ స్టవ్ అరుగు మీదకి తెచ్చుకుంది. దాని పక్కనే, జానెడు దూరంలో, అట్టల కట్ట. ఏముండేవి ఆ ఇంట్లో అంటే పెళ్ళి శుభలేఖలు, జత తప్పిన చెప్పులు, మందు సీసాలు, గడువు తీరిన క్యాలెండర్లు, కడిగి ఆరబెట్టి వందేసి చొప్పున రబ్బరు బ్యాండు పెట్టిన పాల ప్యాకెట్లు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్ప శుభ్రం లేని మనిషి కాదు. రెండు పూటలా స్నానం చేస్తుంది, ఉతికిన చీర కడుతుంది. ఆ పాల ప్యాకెట్లలో ఒక్కటి కూడా వాసన కొట్టేది కాదు.

మనలో చాలామంది అంటారు, పాతకాలం వాళ్ళు అంతేనండీ, లేమిలో పెరిగారు, ఏదీ పారేయరు అని. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మ చింతపండు కట్టిన కాగితం కూడా మడతపెట్టి దూలంలో దోపేది. కానీ అమ్మ దాచింది వాడేది. ఆ కాగితంలో మళ్ళీ ఆవాలు పొట్లం కట్టేది, చిరిగిన పంచె దీపానికి వత్తి అయ్యేది. అప్ప దాచింది దాచినట్టే ఉండేది. పన్నెండేళ్ళ వయసులోనే సబ్బు మీద కాగితాలు, అగ్గిపెట్టె రేకలు ట్రంకు పెట్టె నిండా పెట్టుకుని, ఎవరైనా ముట్టుకుంటే అన్నం మానేసేది. అమ్మది పొదుపు. అప్పది ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటో తెలుసుకోవడానికి మాకు యాభై ఏళ్ళు పైన పట్టింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఎలా కూలిపోయాయో మీ పేపరే రోజుల తరబడి రాసింది. అప్ప ఇంటి మీద పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆ వీధిలో పది రోజులు కరెంటు లేదు. అప్పుడు వీధి మొత్తానికి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, తాళ్ళు, పాత టార్పాలిన్లు, నీళ్ళు పట్టుకోవడానికి డబ్బాలు ఎక్కడివనుకున్నారు? అప్ప ఇంట్లోంచే. ఎన్నాళ్ళనుంచో ముక్కు చిట్లించుకుని వెళ్ళేవాళ్ళంతా వచ్చి పట్టుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి అరుగు మీద నిలబడి పంచుతోంది. నన్ను చూడగానే, "సూసినావా, పారీమన్నారు కదేటి మీరందరూ" అంది. అప్ప అంత సంతోషంగా ఉండటం బావ పోయాక అదే చూడటం.

ఆ ఒక్కసారి ఆమె మాట నిజమైంది. దానితో మా మాటకి ఇక విలువ లేకుండా పోయింది. తర్వాత ఆరు నెలల్లో ఇల్లు రెట్టింపు నిండింది. మళ్ళీ తుఫానొస్తే అన్న భయం అన్నిటికీ సమాధానం అయిపోయింది.

2019 మే నెలలో అప్పకి శుక్లాల ఆపరేషన్. ఆపరేషన్ అయ్యాక మా ఇంట్లో వారం రోజులు ఉంచుకున్నాం. ఆ వారంలోనే పని కానిచ్చేయాలని మేనల్లుణ్ణి హైదరాబాద్ నుంచి రమ్మన్నాను. వాడు కాస్త తటపటాయించాడు. "అమ్మకి చెప్పొద్దా మావయ్యా?" అన్నాడు. చెబితే ఒప్పుకోదురా అని నేనే నోరు మూయించాను. నలుగురు కూలీలు, రెండు ట్రాక్టర్లు, ఒకటిన్నర రోజు. గోడలకి సున్నం వేయించాం, కొత్త పరుపు కొన్నాం. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. అప్పకి పెద్ద బహుమతి ఇస్తున్నాననే అనుకున్నాను.

అప్ప గుమ్మంలోకి వచ్చింది. కంటికి ఆసుపత్రిలో ఇచ్చిన నల్ల అద్దాలు ఇంకా ఉన్నాయి. తిడుతుందని, ఏడుస్తుందని సిద్ధపడి ఉన్నాం. ఏమీ అనలేదు. గోడ పట్టుకుని వీధిగదిలోంచి వంటగదిలోకి, అక్కడినుంచి పెరట్లోకి, తిరిగి వీధిగదిలోకి వచ్చి ఖాళీ నేల మీద కూర్చుంది. "ఇది ఎవులిల్లురా తమ్ముడూ?" అంది.

కాసేపటికి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ కింద మూడో సంచిలో బావ చివరి నెల జీతం కాగితం. బీరువా పక్క డబ్బాలో పిల్లాడి ఒకటో తరగతి పలక. మంచం కింద గోనెసంచిలో అత్తగారి రాగి చెంబు మూత. మేము పేపర్లనుకున్న వాటిలో, చెత్తనుకున్న వాటిలో ఏది ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఆ సామాను అప్పటికి ఎక్కడికి చేరిందో మాకే తెలియదు. మేనల్లుడు డంపింగ్ యార్డుకి పరిగెత్తాడు. పలక దొరకలేదు.

పదకొండు నెలలు అప్ప మా ఇంటి అన్నం ముట్టలేదు. ఫోన్ ఎత్తేది కాదు. తలుపుకి లోపల ఒకటి, బయట ఒకటి రెండు తాళాలు. కరోనా వచ్చి ఎక్కడివాళ్ళం అక్కడ చిక్కుకుపోయాం. 2021 చివరికి ఆ ఇల్లు మళ్ళీ నిండింది, ఈసారి కప్పు దాకా. ఈసారి ఎవరినీ గుమ్మం దాటనివ్వలేదు.

2022లో పేపర్ల కట్టలు జారి మీద పడి అప్ప మణికట్టు విరిగింది. రెండు గంటలు లేవలేక అక్కడే ఉంది. పాలబ్బాయి అరుపులు విని మాకు ఫోన్ చేశాడు. తలుపు బద్దలు కొట్టి లోపలికి వెళ్తే, ఆ నొప్పిలో కూడా మొదట అన్న మాట "ఏటీ ముట్టుకోకండి". నా చేతులు వణికాయి. నన్ను చూసి భయపడుతోంది మా అప్ప.

మా చిన్నమ్మాయి విశాఖలో నర్సుగా పనిచేస్తోంది. "నాన్నా, అత్తది మొండితనం కాదు, జబ్బు. దీనికి పేరుంది, వైద్యం ఉంది" అని చెప్పింది ఆమే. హోర్డింగ్ డిజార్డర్ అంటారట. హోర్డింగ్ అంటే మనకి రోడ్డు పక్క ప్రకటనల బోర్డే గుర్తొస్తుంది. తెలుగులో దీన్ని 'వదల్లేని జబ్బు' అంటే అందరికీ అర్థమవుతుందని నాకు తోస్తుంది. డాక్టర్లు కూడా చాలాకాలం దీన్ని విడిగా చూడలేదు. పదేపదే చేతులు కడుక్కునే ఓసీడీలో ఒక రకం అనుకునేవారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కూడా ఉంది, అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మరి మా వీధిలో, మా బంధువుల్లో ఎవరికీ తెలియకపోవడంలో వింతేముంది?

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అప్ప, "నానేటి పిచ్చిదాన్నా, ఆ ఆసుపత్రికి తోలుకుపోతన్నావు?" అంది. నిద్ర పట్టడం లేదు కదా, దానికి మందు రాయించుకుందాం అని మా అమ్మాయి ఒప్పించింది. అది అబద్ధం కూడా కాదు. బావ పోయినప్పటినుంచి అప్ప సరిగా నిద్రపోయిందే లేదు. మానసిక వైద్యుడు గంటసేపు మాట్లాడి, డిప్రెషన్ కూడా ఉందన్నారు. ఈ జబ్బున్న వాళ్ళలో చాలామందికి డిప్రెషనో, ఆందోళనో తోడుంటాయట. మతిమరుపు జబ్బు కాదని కూడా పరీక్షించి చూశారు. ముసలితనంలో ఉన్నట్టుండి ఇలా పోగుచేయడం మొదలైతే మాత్రం ముందు మెదడు సంగతి చూడాలని చెప్పారు. అప్పది చిన్ననాటినుంచీ ఉన్నదే. పది పదిహేనేళ్ళ వయసులో మొదలై ఏటేటా పెరుగుతుందట. దగ్గరివాళ్ళు పోవడం, తుఫాన్ల వంటి దెబ్బలు తగిలితే ముదురుతుందట. విదేశాల్లో జరిగిన పరిశోధనల లెక్కన నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందన్నారు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ మా చినతాత గుర్తొచ్చాడు. ఆయన పోయాక అటక మీంచి దించిన విరిగిన లాంతర్లు, కుండపెంకులు రెండు బళ్ళకి వచ్చాయి. కుటుంబాల్లో నడుస్తుందని డాక్టరు చెప్పిందీ నిజమే.

జబ్బు అనడానికి గుర్తేమిటని నేను అడిగాను. సామాను ఎంతుందన్నది ఒక్కటే కాదన్నారు. వస్తువు విలువతో పని లేకుండా దాన్ని వదులుకోవాలంటే బాధ, భయం. దానివల్ల గదులు గదులుగా పనికిరాకుండా పోవడం. వంటగదిలో వంట, మంచం మీద నిద్ర సాగకపోవడం. స్టాంపులు, నాణేలు సేకరించేవాళ్ళు వరసగా పెట్టుకుని నలుగురికీ చూపిస్తారు. వీళ్ళు తలుపులు మూసుకుంటారు. ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. బీరువాలో పెడితే మరచిపోతామన్న భయంతో అన్నీ కంటికి కనబడేలా ఉంచుకుంటారట. అందుకే అప్పకి మూడో సంచిలో ఏముందో తెలుసు.

ఈ జబ్బుకంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. డిప్రెషన్‌కి మందు ఇచ్చి, అసలు పనికి సైకాలజిస్టు దగ్గరికి పంపారు. మా పెద్దమ్మాయి వయసుండే ఆ అమ్మాయి మొదటిరోజే ఒక ఫొటోల వరస ముందు పెట్టింది. ఒకే గది తొమ్మిది ఫొటోల్లో. మొదటిదాంట్లో గది ఖాళీ, తొమ్మిదోదాంట్లో కప్పు దాకా సామాను. "మీ వీధిగది ఏ ఫొటోలా ఉంటుందమ్మా?" అని అడిగింది. అప్ప నాలుగో ఫొటో మీద వేలు పెట్టింది. నన్ను అడిగితే ఎనిమిది అన్నాను. అప్ప అబద్ధం చెప్పలేదు. ఆమె కళ్ళకి ఆ గది నాలుగులాగే కనబడుతోంది. ఇద్దరం ఒకే ఇంట్లో నిలబడి రెండు ఇళ్ళు చూస్తున్నామని నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి ఐదారు వారాలు ఒక్క వస్తువు కూడా కదపలేదు. నాకు విసుగొచ్చింది, డబ్బులు దండగ అనిపించింది. అప్ప నమ్మకం కుదరడానికి ఆ వారాలు కావాలని తర్వాత అర్థమైంది. నియమాలు మాత్రం గట్టివి. అప్ప తప్ప ఎవరూ దేన్నీ ముట్టకూడదు. ఉంచాలా, ఇవ్వాలా, తీసేయాలా అన్నది ఆమే చెప్పాలి. ఒకచోట మొదలుపెడితే అది అయ్యేదాకా ఇంకోచోటికి పోకూడదు.

మొదట చేతికి వచ్చింది బట్ట ఊడిపోయిన ఒక గొడుగు. నల్లటి ఊచలు, వంకీ పిడి, అంతే. నెలకి రెండుసార్లు విశాఖ వెళ్ళేవాళ్ళం, మిగతా వారాల్లో ఫోన్‌లో వీడియో కాల్. ఆ రోజు నేను ఫోన్ పట్టుకున్నాను. అప్ప గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"దీనితో ఏం చేద్దామనుకున్నారమ్మా?"

"ఊచలు సిక్కుడు పాదుకి పనికొస్తాయి తల్లీ."

"పాదు ఎప్పుడు వేశారు?"

అప్ప ఆలోచించింది. "మా అత్త ఉన్నప్పుడు."

ఆ అమ్మాయి నవ్వలేదు. అత్తగారి సంగతులు అడిగింది. చిక్కుడు కాయ ఎలా కాసేదో అడిగింది. ఇరవై నిమిషాలు అదే మాట. తర్వాత, ఇది తీసేస్తే పదికి ఎంత బాధగా ఉంటుందో చెప్పమంది. అప్ప తొమ్మిది అంది. ఆ తొమ్మిది ఎన్నాళ్ళుంటుందో చూద్దామా అంది ఆ అమ్మాయి. అప్ప గొడుగుని మూడుసార్లు మూసి తెరిచింది. ఒక ఊచ తుప్పుపట్టి ఇరుక్కుపోతే చీరచెంగుతో తుడిచి సరిచేసింది. ఎదురుగా ఉన్న నాకు ఒక్కసారి లాక్కుని బయట పెట్టేద్దామనిపించింది. పళ్ళు బిగబట్టుకుని ఫోన్ పట్టుకున్నాను. చివరికి తనే లేచి పాత ఇనపసామాను కొనే అబ్బాయి చేతిలో పెట్టింది. రాత్రి ఫోన్ చేసి ఏడు అంది. నిద్ర లేదంది. మర్నాడు ఐదు. తొమ్మిదో రోజు నేను అడిగితే, "ఏ గొడుగు? ఓ, అదా" అంది.

అన్నీ ఇలా సాగలేదు. ఒకసారి క్యాలెండర్ల కట్ట ఇచ్చేసి, సాయంత్రం ఆటో కట్టించుకుని ఆ కొట్టుకి వెళ్ళి అరవై రూపాయలు ఇచ్చి తిరిగి కొనుక్కొచ్చింది. నాకు తల తిరిగిపోయింది. సైకాలజిస్టు మాత్రం ఒక్క మాట తప్పు పట్టలేదు, ఆటోలో వస్తున్నప్పుడు మనసు ఎలా ఉందమ్మా అని మాత్రమే అడిగింది. కొత్తవి తేకుండా ఉండటం కూడా నేర్పారు. సంతలో పాత చీరలకి స్టీలు గిన్నెలిచ్చేవాడి ముందు పది నిమిషాలు నిలబడి ఖాళీ చేతులతో ఇంటికి రావడం. వినడానికి చిన్న పని. అప్పకి చెమటలు పట్టేవి.

ఆర్నెల్లు అనుకున్నది ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు అప్ప వంటగదిలోనే వండుకుంటోంది. మంచం మొత్తం ఆమెదే. గుమ్మంనుంచి పెరటి తలుపు దాకా అడ్డం లేకుండా నడవొచ్చు. వెనక గది ఇంకా నిండుగానే ఉంది, అక్కడికి వెళ్ళడానికి అప్ప సిద్ధంగా లేదు, మేమూ అడగడం లేదు. పూర్తిగా పోతుందని డాక్టరు ఎప్పుడూ అనలేదు. ఈమధ్య మళ్ళీ ఆ ఫొటోలు చూపిస్తే వీధిగదికి అప్ప నాలుగు అంది, నేనూ నాలుగే అన్నాను.

ఇంత చదివాక మీరు అడగొచ్చు, మరి ఫిర్యాదు చేసినవాళ్ళ బాధ మాటేమిటని. వాళ్ళది తప్పనను. ఎలుకలు, పాములు, అన్నిటికన్నా నిప్పు. అరుగు మీద స్టవ్, పక్కన అట్టల కట్ట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. 1947లో న్యూయార్క్‌లో కోలియర్ అన్నదమ్ములని ఇద్దరు ఇలాంటి ఇంట్లోనే చనిపోయారు. కళ్ళు లేని అన్నకి అన్నం తీసుకెళ్తూ తమ్ముడు తను పేర్చిన సామాను కిందే పడి నలిగిపోయాడు. తెచ్చిపెట్టేవాడు లేక అన్న ఆకలితో పోయాడు. వంద టన్నులకి పైగా సామాను తీశారు. రోజుల తరబడి జనం వీధిలో గుంపులు కట్టి చూశారు, పేపర్లు ఫొటోలు వేశాయి. దాన్ని జబ్బుగా గుర్తించడానికి ఆ తర్వాత అరవై ఏళ్ళు పైన పట్టింది. ప్రమాదం ఉన్నచోట చేయాల్సింది చేయాల్సిందే. కానీ స్టవ్ చుట్టూ నాలుగడుగులు, కరెంటు వైర్ల దగ్గర, గుమ్మానికి దారి, ఇంతవరకు ముందు ఆ మనిషి చేతులతోనే తీయించొచ్చు. ఇల్లంతా ఒక్కరోజులో ఊడ్చేస్తే ఏమవుతుందో నేను చూశాను. మళ్ళీ నిండుతుంది, తాళాలు రెండవుతాయి, ఆ మనిషి ఇంకెవరినీ నమ్మదు.

మున్సిపాలిటీ వారికి నా మనవి. ఫిర్యాదు రాగానే ట్రాక్టర్ పంపే ముందు వార్డు సచివాలయంలో ఉన్న ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో ఆ ఇంటికి పంపండి. నిద్ర పడుతోందా అమ్మా, అన్నం ఎక్కడ వండుకుంటున్నావు అని అడిగించండి. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కదలలేనివాళ్ళకి 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ సేవ ఉంది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్న కొడుకులు, కోడళ్ళు, తమ్ముళ్ళు కూడా చేయొచ్చు. నేను 2019లో ట్రాక్టర్ వాడికి చేసిన ఫోన్ అలాంటి చోటికి చేసి ఉంటే అని అనుకోని రోజు లేదు.

ఇక మీకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, మానసిక వైద్య కేంద్రంలో చికిత్స తీసుకుంటున్నవారి ఫొటోగానీ వివరాలుగానీ వారి అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. వైద్యం దాకా చేరగలిగినవాళ్ళకి ఆ రక్షణ ఉంది. వైద్యం అనేది ఒకటుందని కూడా తెలియకుండా గుమ్మంలో చెంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆ ముసలమ్మకి మీ విలేకరి, మీరు తప్ప ఇంకెవరున్నారు? ఇలాంటి వార్త మళ్ళీ రాయాల్సి వస్తే ఫొటో మానేయండి, చెత్త అనే మాట మానేయండి. ఆ స్థలంలో 14416 వేయండి.

ఈ ఉత్తరం నిన్న కాశీబుగ్గ వెళ్ళి అప్పకి మొత్తం చదివి వినిపించాను. ఆమె సంగతులు ఆమె సరే అంటేనే పంపాలి కదా. ట్రాక్టర్ల దగ్గర తల తిప్పుకుంది. గొడుగు దగ్గర, నేను మూడుసార్లని రాస్తే, "నాలుగుసార్లు మూసినాన్రా" అంది. అయిపోయాక చాలాసేపు కూర్చుని, ఆ విజయనగరం ఆవిడ ఇప్పుడు ఎక్కడ పడుకుంటోందో పేపరువాళ్ళకి తెలుసేమో అడగమంది.

తెలిస్తే దయచేసి చెప్పండి. ఆవిడ ఒప్పుకుంటేనే. అప్ప, నేను పలాస నుంచి ప్యాసింజరులో వస్తాం. అరుగు మీదే కూర్చుంటాం, ఏదీ ముట్టుకోం. మా ఫోన్ నెంబరు విడి కాగితం మీద రాశాను, అది అచ్చు వేయకండి.

ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం